పురికొస చుట్టిన రాళ్లు

కడప జిల్లా నుంచి తిరిగొచ్చి నెల దాటింది. మా బాపట్లలో ఎదురుపడ్డ ప్రతివాడూ ఒకటే అడుగుతున్నాడు: "బాంబులేమైనా చూశారా మాస్టారూ?" చూడలేదు. నేను చూసింది రాళ్లు. ఆ రెంటికీ పోలిక ఉంటుందని నాకు తట్టక ఒక మనిషికి చెరుపు చేసి వచ్చాను. వీధిలో నిలబడి నవ్వుతూ చెప్పే సంగతి కాదు గనక కూర్చుని రాస్తున్నాను.

నేను హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టార్ని. చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. ఎప్పుడో ఒక కాలేజీ లెక్చరరు తన పుస్తకానికి రాతి పనిముట్ల బొమ్మలు వేసిపెట్టమన్నాడు. బొమ్మ వెయ్యాలంటే రాయిని చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూడాలి. అలా చూడగా చూడగా, ఏ దెబ్బ ముందు పడిందో, ఏది తరవాత పడిందో, కొట్టిన చెయ్యి కుడిదో ఎడమదో తెలియడం మొదలైంది. అక్షరం లేని కాలంలో, వేటాడుకుంటూ దుంపలు తవ్వుకుంటూ తిరిగిన మనిషి చేతివాటం నా వేళ్లకు అందుతోందంటే ఇక ఆ పిచ్చి వదిలేదేనా? వేసవి సెలవులిస్తే మా ఇంట్లో తిరుపతి అంటారు, నేను వాగులు అంటాను.

ప్రొద్దుటూరు

నాతో పాటు డ్రాయింగ్ ట్రైనింగ్ చేసిన ఖాదర్ బాషా ప్రొద్దుటూరులో పనిచేస్తున్నాడు. తనకు తెలిసిన ఒక గొర్రెల కాపరి దగ్గర వింత రాళ్లున్నాయనీ, వచ్చి చూడమనీ అతను ఉత్తరం రాస్తేనే బయలుదేరాను. బస్సు దిగగానే నా చేతిసంచి లాక్కుని సైకిలుకు తగిలించి, ఇంటికి కాదు, తిన్నగా హోటలుకు నడిపించాడు. దోసె మీద ఎర్రకారం పులిమి, దానిమీద పప్పుల పొడి చల్లి ఇస్తారక్కడ. రెండు దోసెలూ టీ కలిపి మూడు రూపాయలు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా మూడోది చెప్పాను.

పక్క బల్ల దగ్గరున్న పెద్దమనిషి నా అవస్థ చూసి మంచినీళ్ల గ్లాసు ఇటు జరిపాడు.

"యా ఊరప్పా మీది?"

"బాపట్లండీ."

"ఆడ యా పార్టీ మీరు?"

"నాకు పార్టీ ఏమీ లేదండీ."

ఆయన తినడం ఆపేశాడు. "పార్టీ ల్యాకుండా ఎట్ల బతుకుతాండారప్పా?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే జాలిపడ్డాడు.

మా వైపు కొత్తవాణ్ణి చూస్తే ఇంటిపేరడిగి, మేనమామల ఊరడిగి, చుట్టూ తిరిగి కులం దగ్గరికి వస్తారు. ఇక్కడ అంత డొంకతిరుగుడు లేదు. పార్టీ అంటే జెండా అనుకున్నాను నేను. కాదట. ఊళ్లో రెండు వర్గాలుంటాయి, ఒకరు ఒక జెండా పట్టుకుంటే రెండోవాళ్లు రెండోది పట్టుకుంటారు, జెండాలు మారినా వర్గాలు మారవు అని ఖాదర్ బాషా చెప్పాడు. ఎన్నికలై రెండు నెలలు కూడా కాలేదు. గోడల మీద రంగులింకా వెలవలేదు.

జమ్మలమడుగు

మధ్యాహ్నానికి జమ్మలమడుగు చేరాం. పెన్నలో నీళ్లు లేవు, ఇసుక మీద నిలబడలేనంత ఎండ. ఊళ్లో ఇళ్లన్నీ నల్లబండల కప్పులు, నల్లబండల గోడలు. కాళ్ల కింద కూడా అవే. రాయి కోసం ఇంత దూరం రావడమేమిటని ఇక్కడివాళ్లకు నవ్వొచ్చినా తప్పులేదు.

ఒక పెద్దమ్మ ఇంట్లోనే భోజనం పెడుతుంది. రాగిసంగటి ముద్ద, చెనక్కాయల ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి, గోంగూర పప్పు, ఐదు రూపాయలు. నేను సంగటిని నమలడం చూసి ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "నమలగూడదు నాయనా, మింగల్ల. మీ తట్టోళ్లకు నెయ్యన్నం తప్ప ఏంది తెలుసు!" అని కసురుకుని, ముద్దలో గుంట చేసి నెయ్యి మాత్రం రెండు గరిటెలు పోసింది.

సాయంత్రం టీ తాగుదామంటే ఎదురెదురుగా రెండు బంకులున్నాయి. ఖాదర్ బాషా ఒకచోట తాగించి, రోడ్డు దాటించి రెండోచోట కూడా తాగించాడు. "ఒగ తావే తాగితే ఎవురైనా చూస్తారన్నా. రెండు తావులా తాగితే మనం ఎవురిమీ కాదు" అన్నాడు. నేను పకపకా నవ్వాను. అతను నవ్వలేదు.

వంక

మర్నాడు పొద్దున్నే ముద్దనూరు దాటి, పులివెందుల దారిలో ఒకచోట బస్సు దిగాం. ఒక వేపచెట్టు, దాని కింద టీ కాసే ముసలమ్మ, అంతే అక్కడ. పొలాల్లో పడి మైలున్నర నడిస్తే వంక వస్తుంది. మనం వాగు అనేదాన్ని వాళ్లు వంక అంటారు. వంకకు ఇటొక ఊరు, అటొక ఊరు. ఇటు ఒక పార్టీ, అటు ఇంకో పార్టీ. కక్షల్లో రెండు వైపులా ప్రాణాలు పోయాయి. ఇటువాళ్లు అటు పోరు, అటువాళ్లు ఇటు రారు. ఇసుక కోసం కూడా వంకలోకి బండి దిగదు.

దిగేది ఓబులేసు ఒక్కడే. ఖాదర్ బాషా చెప్పిన కాపరి ఇతనే.

యాభై దాటిన మనిషి, పల్చగా, పొడుగ్గా ఉంటాడు. ఇటు ఊరివాడు. అరవై గొర్రెలు. పంట కోసిన చేలో గొర్రెలను రాత్రంతా నిలిపితే పెంట పడి నేల సత్తువకొస్తుంది. దాన్ని మంద కట్టడం అంటారు. అందుకు రైతు గింజలిస్తాడు. రెండూళ్ల రైతులకూ ఆ పెంట కావాలి, ఓబులేసు ఎవరి వైపూ ఒక్క మాట తూలడు, కాబట్టి రెండూళ్లవాళ్లూ అతణ్ణి రానిచ్చారు. ఓట్లప్పుడు చీటీ కోసం ఏ పార్టీ బల్ల దగ్గరికీ పోడట. తన నంబరు కంఠతా పట్టుకుని నేరుగా పోయి ఓటేసి వస్తాడట.

"ఈ రెండూళ్లలో వంక దాటే మొగోడు ఈయప్ప ఒగడే అన్నా" అన్నాడు ఖాదర్ బాషా.

"మొగతనమేముంది మామా" అన్నాడు ఓబులేసు. "గొర్రెలకు పార్టీ ల్యాకపాయ. వాటెనకాల నేను పోతాండా."

ఖాదర్ బాషాకు పరీక్ష పేపర్లు దిద్దే పని ఉంది. తిరుగు బస్సుకు పోతూ నన్ను పక్కకు పిలిచాడు. "ఏమన్నా అవసరమొస్తే నాకు కబురు చెయ్యన్నా. ఇంగెవురి దగ్గరికీ పోవద్దు." అలాగేనన్నాను.

ఓబులేసు రొండిన దోపుకున్న రాయి తీసి నా చేతిలో పెట్టాడు. అరచేయంత పెచ్చు. ఒక అంచు పొడుగునా సన్నసన్నగా చెక్కి పదును తెచ్చారు. ఎవరో కొన్ని వేల ఏళ్ల కింద చేసుకున్న కత్తి. ఓబులేసు దాంతో తుమ్మకొమ్మ తోలు చీలుస్తాడు, తాడు కోస్తాడు, గొర్రె చస్తే చర్మం ఒలుస్తాడు.

"గొడ్డలి లేదా నీకు?" అన్నాను.

"ఉండాది, ఇంట్లో. గొడ్డలెత్తుకోని పోతే ఎవురి మీదికి పోతాండావంటారు అయ్యోరా. కొడవలి గూడా ఇడిసిపెట్నా. రాయిని చూసి ఎవురేమంటారు?"

ఇనుము చేతికొచ్చిన మనిషి మళ్లీ రాతికి పోవడం నేను పుస్తకాల్లో చదవలేదు. పార్టీల పుణ్యమా అని అదీ కళ్లారా చూశాను.

వంక ఒడ్డు ఒకచోట నిలువునా తెగి ఉంది. అడుగున గులకరాళ్ల పొర. అందులో పెద్ద పెద్ద చేతిగొడ్డళ్లు, బాదంకాయ ఆకారంలో, రెండు వైపులా చెక్కినవి. దానిమీద నిలువెత్తు ఎర్రమట్టి. అందులో చెకుముకిరాతి ముక్కలు, గోరంత, వేలంత, బాణాల కొసలకు పెట్టుకునేవి. నేను బొమ్మ గీస్తుంటే ఓబులేసు గొంతుక్కూర్చుని చూశాడు.

"పెద్ద రాళ్లోళ్లు సచ్చిపోయి చిన్న రాళ్లోళ్లు వచ్చినారా అయ్యోరా?"

"అలా చెప్పలేం. వీళ్లు వాళ్ల పిల్లల పిల్లలే కావచ్చు. వానలు మారుంటాయి, పెద్ద జంతువులు తగ్గుంటాయి. కుందేలునూ జింకనూ దూరం నుంచి కొట్టాలంటే చిన్న రాయి కావాలి. బతికే తీరు మార్చుకున్నారు."

"మార్చుకోకపోతే?"

"పోయుంటారు."

అతను గొర్రెల వైపు చూశాడు. "అప్పుడు గొర్రెలు సాకేటోళ్లు లేరా?"

"లేరు. అది చాలా తరవాత."

"అయితే వాళ్లు యా తట్టుకైనా పొయ్యేటోళ్లు" అన్నాడు. "మేపు జూసుకునే పనిల్యా, గట్టుల్యా. శానా నిమ్మళం."

మధ్యాహ్నానికి ఇరవై ఒక్క రాళ్లు ఏరాం. ఏ పొరలో దొరికింది, ఎంత లోతు, ఇవన్నీ చీటీల మీద రాసి, చీటీతో పాటు ప్రతి రాయినీ పాత పేపర్లో చుట్టి, పేపరు ఊడకుండా పురికొసతో బిగించి కట్టాను. అంచులు తగలకుండా బుట్టలో చెనక్కాయ పొట్టు పోసి, అందులో పేర్చాను. ఆ బుట్టా పొట్టూ తెచ్చిచ్చింది ఓబులేసు భార్య నాగమ్మ, మాకు సంగటి తెస్తూ.

ఓబులేసు బుట్టలోకి వంగి చూశాడు. "అయ్యోరా, ఇట్ల ఉండలు చుట్టల్లనా? గుడ్డలో మూట కడితే సాలదా?"

"అంచులు పోతాయయ్యా. నీకు తెలియదులే" అన్నాను.

అయ్యవారు అన్నాక అతను ఇంకేం మాట్లాడతాడు? నీకు తెలియదులే అన్న ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు నామీదే అసహ్యం వేస్తుంది. బొమ్మ ఇంకా పూర్తికాలేదు. గొర్రెలను నాగమ్మకు అప్పగించి, బుట్ట తీసుకుని రోడ్డు మీదికి పోయి టీ ముసలమ్మ దగ్గర పెట్టి ఉండమన్నాను. నెత్తిన పెట్టుకుని పోయాడు.

రోడ్డు మీద

నేను చేరేసరికి మూడైంది. ఓబులేసూ లేడు, బుట్టా లేదు. ముసలమ్మ పొయ్యి ఆర్పేసి కూర్చుంది.

"పోలీసోళ్లు జీపులో ఏసుకోని పాయిరి నాయనా. బుట్టను గూడా."

"ఎందుకు?"

"ఎందుకంటావేంది? కాగితం జుట్టి, పురికొసతో బిగించి, పొట్టులో పెట్టిన ఉండలను ఈడ ఏమంటారు? చిన్నబిడ్డనడిగినా చెప్తాది. ఆ తట్టు ఊరోళ్లు నలుగురు బస్సుకు నిలబడి చూసిరి. వంకలోనించి బాంబులు మోస్తాండాడని ఒగటే అరుపులు. దోవన పొయ్యే పోలీసు జీపు ఇని నిలబడె."

స్టేషను రెండు మైళ్లు. ఒక్కణ్ణే పోవాలంటే భయం, అది ఒప్పుకుంటాను. ఖాదర్ బాషాకు కబురు పంపితే రేపటికి గాని రాడు. మా వైపు పోలీసులతో పని పడితే ఊరి పెద్దను వెంటపెట్టుకుని పోతాం. నాకు తెలిసిన పద్ధతి అదే. నాకున్న తెలివితేటలన్నీ ఉపయోగించి, వెనక్కి తిరిగి, ఇటు ఊరి పెద్దాయన ఇంటికి పోయాను.

చుట్టూ ఎత్తు గోడ, లోపల పదిమంది కూర్చుని ఉన్నారు. పెద్దాయన నన్ను కూర్చోబెట్టి, ఉప్పు వేసిన మజ్జిగ ఇప్పించి, చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"ఓబులేసా? ఇన్నాళ్లకు ఆయప్పకు మా గడపతో పని పడిందా?" అని నవ్వాడు. "పా అయ్యోరా, పోదాం."

ఎంత మంచివాడు అనుకున్నాను. వాళ్ల జీపులో ముందు సీటులో కూర్చున్నాను కూడా.

స్టేషన్

స్టేషను ఆవరణలో ఒక గంగాళం నిండా నీళ్లు. బాంబుల్ని ముందు నీళ్లలో ముంచుతారట. నా ఇరవై ఒక్క రాళ్లూ అందులో మునిగి ఉన్నాయి. పేపర్లు ఊడి, చీటీలు నాని, సిరా కలిసి నీళ్లు నీలంగా అయ్యాయి.

ఓబులేసు గోడ వారగా కూర్చుని ఉన్నాడు. ఎవరూ చెయ్యి చేసుకున్నట్టు లేదు. నన్ను చూసి లేవబోయాడు. నా వెనక జీపు దిగిన పెద్దాయన్ని చూసి మళ్లీ కూలబడ్డాడు. భయమంటే ఏమిటో ఆ మొహంలో చూశాను. ఎందుకో మాత్రం నాకు అర్థం కాలేదు.

పెద్దాయన ఇన్స్పెక్టరుతో ఒకటే మాటన్నాడు. "మా మనిషే." అంతటితో అయిపోయింది.

నేను గంగాళంలోంచి రాళ్లు తీసుకుంటుంటే ఒక కానిస్టేబులు పక్కనొచ్చి గొంతు తగ్గించాడు. "రాళ్లేనని మాకు అప్పుడే తెలిసిపాయ సార్. అయ్యోరు ఏరిన రాళ్లని ఆయప్ప చెప్తానే ఉండాడు. మీరొగరొచ్చి అవునంటే పంపించేటోళ్లం. ఆయన్నెందుకు పిల్సుకొస్తిరి?"

బయట ఓబులేసు పెద్దాయనకు దండం పెడుతున్నాడు. "నేను నడ్సి పోతాలే సామీ."

"ఎక్కప్పా" అన్నాడు పెద్దాయన.

ఓబులేసు కదల్లేదు. అప్పుడు నేనే అన్నాను. "ఎక్కు ఓబులేసూ. ఇంత ఎండలో నడుస్తావా?" నా మొహం వైపు ఒకసారి చూసి, వెనక అంచున ఎక్కి కూర్చున్నాడు. అటు ఊరి మలుపు దగ్గర బస్సు కోసం జనం నిలబడి ఉన్నారు. అక్కడ జీపు నెమ్మది చేయించి, రెండుసార్లు హారను కొట్టించాడు పెద్దాయన.

పులివెందుల

ఆ సాయంత్రం బస్సు పట్టుకుని పులివెందుల పోయి లాడ్జిలో దిగాను. రాళ్లను తువాలు మీద పరిచి ఆరబెట్టాను. చేతిగొడ్డళ్లు అడుగు పొరవని చూస్తే తెలుస్తుంది. మిగతావి ఎక్కడివో, ఎంత లోతువో తెలియదు. దొరికిన చోటు తెలియని రాయి సగం రాయి. అయినా ఆ పూట నన్ను బాధపెట్టింది అది కాదు, ఓబులేసు చూపు.

లాడ్జి మేనేజరు జొన్నరొట్టెలు తెప్పించాడు. పక్కన చెనక్కాయల పొడి, వాళ్లు ఎర్రగడ్డ అనే పచ్చి ఉల్లిపాయ. తినలేక పక్కన పెడితే ఏమైందని అడిగాడు. చెప్పాను. ఆయన అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"మీరు ఇడిపించల్యా సార్. చేర్పించినారు."

"ఎక్కడ?"

"పార్టీలో. స్టేషన్లో ఎవురు మా మనిషంటే వాళ్ల మనిషే గదా ఈడ. ఆ జీపులో కూసున్నాక ఆయప్ప ఇంగ వంక దాటేదెట్ల?"

మళ్లీ ఆ ఊరు

తెల్లవారగానే వెనక్కి వచ్చాను. ఓబులేసు ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆ వేళప్పుడు అతను ఎన్నడూ ఇంటిపట్టున ఉండి ఎరగడు. అటు ఊరివాళ్లు అప్పటికే కబురు పంపారు: ఇంక వంక దిగొద్దు, మా చేలల్లో మంద కట్టొద్దు. ఇటు నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చి, సాయంత్రం పెద్దాయన ఇంటికొచ్చి అందరితో పాటు కూర్చోమని చెప్పిపోయారు.

"తప్పు నాదయ్యా" అన్నాను. "అటు ఊరికి పోయి నేనే చెప్తాను. రాళ్లని చూపిస్తాను."

"వాళ్లకూ తెలుసు అయ్యోరా రాళ్లని." అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది. "రాళ్ల తగువు కాదిది. జీపు తగువు. నువ్వు మంచికే పోతివిలే."

రాళ్లు ఇటియ్యమన్నాడు. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, తడిమి, చెప్పడం మొదలుపెట్టాడు. ఇది ఎర్రమట్టిలోది, మోకాలెత్తున. ఇది వంక మలుపులో, తుమ్మచెట్టు వేరు కింద. ఇది గులకరాళ్లకు జానెడు పైన. ఇరవై ఒకటీ చెప్పాడు. ఒక్కచోట కూడా తడుముకోలేదు. నేను రాసుకున్నాను.

"అన్నీ రాసుకో. ఊరి పేరు మాత్రం రాయద్దు. మల్లా ఎవురన్నా రాళ్లకని వస్తే, ఆడ నిలబడి చూపించేదానికి నేనుండను." ఆఖరి రాయి నా చేతిలో పెడుతూ, "నా పేరు గూడా మార్చు" అన్నాడు.

మార్చాను.

ఈ లోపల నాగమ్మ దొడ్డి తీసింది. వంకకు ఆవిడే తోలుకుపోవాలి. ఆడవాళ్ల జోలికి ఇంతవరకు ఎవరూ రాలేదట. గొర్రెలు బయటికొచ్చి మంచం చుట్టూ మూగి నిలబడ్డాయి. నాగమ్మ దారిలో కొంత దూరం పోయి పిలిచింది. ఒక్కటీ కదల్లేదు. వెనక్కి వచ్చి కొమ్మతో అదిలించింది. నాలుగడుగులు పోయి, తిరిగొచ్చి మంచానికి ఆనుకుని నిలబడ్డాయి. ఓబులేసు నోరు తెరవలేదు. అతని గొంతు వింటే అవి అసలే పోవు.

నాగమ్మ అతని వైపు చూసింది. అతను లేచి, ఎవరి వైపూ చూడకుండా, లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. గొర్రెలు ఆ తలుపు వైపే తలలెత్తుకుని చాలాసేపు నిలబడ్డాయి. నాగమ్మ మళ్లీ పిలిచింది. లోపలి నుంచి చిన్న దగ్గు కూడా వినపడలేదు. ఈసారి ముందున్న గొర్రె కదిలింది, దాని వెనక మిగతావి.